నడుముకు కట్టిన పెట్టె

బొగ్గుబాయి కార్మికుడి బొమ్మ గీయమంటే ఎవరైనా ముందుగా తలమీది దీపాన్నే గీస్తారు. యూనియన్ల కరపత్రాల మీదా, గోడరాతల పక్కనా, కూడళ్ళలోని విగ్రహాల తలల మీదా ఆ దీపమే కార్మికుడికి గుర్తు. ఆ దీపం వెనుక నుంచి ఒక తీగ వీపు మీదుగా దిగి నడుము దగ్గరి పెట్టెలోకి పోతుందన్న సంగతి బొమ్మ గీసేవారికి అంతగా పట్టదు. నిజానికి వెలుగుకు ఆధారం ఆ పెట్టె. ప్రమాదమంటూ ఉంటే అదీ ఆ పెట్టెలోనే ఉంటుంది.

టెలివిజన్‌లో ప్రత్యక్ష ప్రసారం చేసే విలేకరి నడుముకూ ఇటువంటి పెట్టె ఒకటి ఉంటుంది. చెవిలో చిన్న బుడిపె; దాని తీగ కాలరు వెనుక నుంచి చొక్కా లోపలికి దిగి, బెల్టుకు తగిలించిన రిసీవర్‌లో కలుస్తుంది. స్టూడియోలో కూర్చున్న నిర్మాత చెప్పే మాట గాలిలో వచ్చి ఆ పెట్టెకు చిక్కి, చెవికి చేరుతుంది. దీనిని నిస్తంత్రీ శబ్దగ్రాహకం అని తెలుగు చేయవచ్చు గాని, పనిచేసేవారి నోట నలిగిన మాట బెల్ట్‌ప్యాక్ రిసీవర్. ఈ వ్యాసంలో నేనూ రిసీవర్ అనే వాడుతున్నాను.

ఈ రెండు పెట్టెలూ ఎదురుపడే ఊళ్ళలో మందమర్రి ఒకటి. కాజీపేట నుంచి బల్హార్షా పోయే రైలుమార్గంలో మంచిర్యాలకూ బెల్లంపల్లికీ నడుమ ఉన్న ఈ ఊరు 2016 వరకు ఆదిలాబాదు జిల్లాలోది, ఆ తరువాత మంచిర్యాల జిల్లాలోది. సింగరేణి సంస్థ ఏరియాలలో ఒకదానికి ఇది కేంద్రం. కల్యాణిఖని, శాంతిఖని వంటి కమ్మని పేర్లున్న బాయిలు ఇక్కడివి. సమ్మె జరిగినా, గుర్తింపు సంఘం ఎన్నికలు వచ్చినా, పైకప్పు కూలినా వార్తాచానళ్ళ వ్యాన్లు ఈ ప్రాంతానికి వస్తాయి. ప్రసారరంగంలో పనిచేసే ఒక మిత్రుడు నన్ను అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి కారణం. "రిసీవర్ నడుముకు పెట్టుకుని బాయిలోకి దిగితే తప్పేమిటి? అది దేన్నీ ప్రసారం చేయదు కదా, వింటుంది అంతే కదా?"

ఆమోదం లేని పెట్టెను దింపకూడదన్నది సూటి జవాబు. అయితే ఆ "కూడదు" వెనుక రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. అది తెలిస్తే రిసీవర్‌ను నేలమీద వాడేటప్పుడు కూడా ఎలా ఉండాలో తెలుస్తుంది.

మంట నుంచి తీగకు

బొగ్గుపొరల్లో మీథేన్ వాయువు చిక్కుకుని ఉంటుంది. గాలిలో దాని పాలు సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పు తగిలితే పేలుతుంది. పూర్వం గనిలో వెలుతురు కావాలంటే మంట తప్ప మరో దారి లేదు. అంటే కార్మికుడు తన చావుకు కారణం కాగలదాన్ని తానే చేతపట్టుకుని దిగేవాడన్నమాట. 1812 మే 25న ఇంగ్లండులోని ఫెల్లింగ్ గనిలో జరిగిన పేలుడులో 92 మంది మరణించారు. ఆ తరువాతనే హంఫ్రీ డేవీ ఈ సమస్యను చేపట్టి, 1815లో మంట చుట్టూ సన్నని లోహపు జల్లెడ అమర్చిన దీపాన్ని తయారుచేశాడు. జల్లెడ వేడిని పీల్చుకోవడం వల్ల లోపలి మంట బయటి వాయువును అంటుకోదు. పైగా వాయువు ఉన్నచోట మంట మీద నీలిరంగు టోపీ కనిపించి ప్రమాదాన్ని ముందే చెబుతుంది. దాదాపు అదే సమయంలో జార్జి స్టీఫెన్‌సన్ కూడా ఇటువంటి దీపాన్నే రూపొందించాడు.

మన సింగరేణి పుట్టింది ఈ మంటదీపాల కాలంలోనే. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉన్నదని గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది. 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. గోదావరి దాటి ఉత్తరానికి, బెల్లంపల్లి, మందమర్రి వైపుకు, బాయిలు ఆ తరువాతి దశాబ్దాల్లో విస్తరించాయి.

ఈ లోగా అమెరికాలో దీపం రూపం మారింది. 1912 మార్చి 26న పశ్చిమ వర్జీనియాలోని జెడ్ గనిలో పేలుడు జరిగి 80 మందికి పైగా మరణించారు. తెరిచి ఉన్న మంటదీపం వాయువుకు అంటుకోవడమే అందుకు కారణం. అక్కడి గనుల బ్యూరోలో ఇంజనీర్లయిన జాన్ రయన్, జార్జి డైకీ ఆ దుర్ఘటన తరువాత థామస్ ఎడిసన్‌ను కలిసి, మంట లేని దీపం కావాలని కోరారు. 1914లో వారు ఎంఎస్ఎ అనే సంస్థను స్థాపించారు. ఎడిసన్ నికెల్, ఇనుము వాడిన బ్యాటరీని ఉక్కుపెట్టెలో పెట్టి నడుముకు కట్టాడు. అక్కడి నుంచి తీగను తలమీది దీపానికి తెచ్చాడు. 1915లో గనుల బ్యూరో దానిని ఆమోదించింది. నడుముకు విద్యుత్ పెట్టె కట్టుకుని పనిలోకి దిగడమన్నది ఇలా మొదలైంది. విలేకరి నడుము పెట్టెకు తాత ఎవరని అడిగితే నేను దీన్నే చూపిస్తాను.

అది ప్రమాదాన్ని పూర్తిగా తీసివేయలేదు, దాని రూపాన్ని మార్చింది. తరువాత వచ్చిన సీసపు ఆమ్లపు బ్యాటరీలు రెండు కిలోలకు పైగా బరువుండేవి. మూత సరిగా బిగించకపోతే ఆమ్లం కారి బట్టనూ ఒంటినీ కాల్చేది. వంగి పనిచేసే మనిషి నడుము మీద ఎనిమిది గంటలపాటు ఆ బరువు ఒకే వైపు వేలాడేది. ఇప్పుడు లిథియం బ్యాటరీలు, ఎల్ఇడి దీపాలు రావడంతో పెట్టె బాగా చిన్నదైంది. కొన్నింటిలో అది టోపీలోనే ఇమిడిపోయి తీగ కూడా పోయింది. అయితే పెట్టె చిన్నదైనంత మాత్రాన అందులోని శక్తి చిన్నది కాదు. ఈ మాట బోధపడటానికి గనుల వారికి ఇంకొక ఘోరం చూడవలసి వచ్చింది.

గంట తీగలు

1913 అక్టోబరు 14న వేల్స్‌లోని సెంఘెనిడ్ గనిలో జరిగిన పేలుడులో 439 మంది గనివారు, ఒక రక్షకుడు మరణించారు. బ్రిటన్ చరిత్రలో అంతకంటె పెద్ద గని ప్రమాదం లేదు. అసలు కారణం ఇదేనని విచారణ నిర్ధారించలేకపోయింది. కాని అనుమానించిన వాటిలో ఒకటి సంకేతాల గంట.

ఆనాటి గనుల్లో బొగ్గుటబ్బులను లాగే దారి పొడుగునా రెండు తీగలను పై తొడుగు లేకుండా కట్టేవారు. ఎక్కడ నిలబడినవాడైనా ఆ రెండింటినీ ఒక ఇనుపముక్కతో కలిపితే దూరాన ఇంజను దగ్గర గంట మోగేది. బ్యాటరీ వోల్టేజి చాలా తక్కువ. చేత్తో ముట్టుకున్నా ఏమీ కాదు. ఏమీ కానిది కాబట్టి సురక్షితమని చాలామంది నమ్మారు. ఆర్.వి. వీలర్, డబ్ల్యు.ఎం. థార్న్‌టన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేసి ఆ నమ్మకం తప్పని తేల్చారు. గంటలోని తీగచుట్ట విద్యుత్తు ప్రవహిస్తున్నంతసేపూ శక్తిని తనలో దాచుకుంటుంది. తీగలు విడిపోయిన క్షణంలో ఆ దాచినదంతా ఒక రవ్వగా బయటపడుతుంది. మనిషికి తెలియనైనా తెలియని ఆ రవ్వ మీథేన్‌కు చాలు.

ఎంత రవ్వ చాలునో లెక్క ఉంది. మీథేన్‌ను అంటించడానికి కావలసిన కనీస శక్తి మిల్లీజౌలులో మూడోవంతు కూడా కాదు, సుమారు 0.28. ఒక బియ్యపుగింజ మీటరున్నర ఎత్తు నుంచి నేలమీద పడితే దాదాపు అంత శక్తి వెలువడుతుంది. మన రిసీవర్లలో వేసే మామూలు పెన్సిల్ సెల్ ఒక్కదానిలో సుమారు పదివేల జౌళ్ళు నిల్వ ఉంటాయి. అంటే అవసరమైన దానికి మూడుకోట్ల రెట్లకు పైమాటే. ఆ శక్తి అంతా ఒక్కసారిగా రవ్వ కాదన్నది నిజమే. కాని ఎంత భాగం కాగలదో కొలవకుండా "ఏమీ కాదులే" అనడం సెంఘెనిడ్ గంటను నమ్మినట్టే అవుతుంది.

ఈ ప్రయోగాల నుంచి పుట్టిన సూత్రాన్ని ఇంట్రిన్సిక్ సేఫ్టీ అంటారు. స్వభావసిద్ధమైన భద్రత అందాం. దాని అర్థం ఇది. పరికరం బాగా పనిచేస్తున్నప్పుడు రవ్వ రాకపోతే చాలదు. తీగ తెగినా, రెండు తీగలు కలిసిపోయినా, లోపల ఒక భాగం చెడిపోయినా వచ్చే రవ్వలోనూ, వేడిలోనూ వాయువును అంటించేంత శక్తి ఉండకూడదు. ఆ పరిమితి పరికరపు నిర్మాణంలోనే ఉండాలి, వాడేవాడి జాగ్రత్త మీద ఆధారపడకూడదు. నేడు ప్రపంచమంతటా అనుసరించే ఐఇసి 60079-11 ప్రమాణం ఈ సూత్రానికి వారసురాలు. మన దేశంలో గని పరికరాలను ధన్‌బాదులోని కేంద్రీయ గని, ఇంధన పరిశోధన సంస్థ పరీక్షిస్తుంది. గని భద్రతా డైరెక్టరేట్ జనరల్, అంటే డిజిఎంఎస్, ఆమోదిస్తుంది.

ప్రసారానికి వాడే రిసీవర్‌ను ఈ దృష్టితో చూడండి. చేత్తో తెరుచుకునే బ్యాటరీ మూత, లాగితే ఊడివచ్చే ఇయర్‌ఫోన్ పిన్ను, రాపిడికి గురయ్యే స్విచ్చి. నేలమీద ఇవన్నీ సదుపాయాలు. వాయువున్న చోట ఒక్కొక్కటీ రవ్వకు అవకాశం. రిసీవర్ వింటుంది గాని ప్రసారం చేయదన్న వాదన ఇక్కడ నిలవదు, ఎందుకంటే సమస్య రేడియో తరంగాలది కాదు, బ్యాటరీది. ఇంకొక సంగతి. ఈనాటి డిజిటల్ బెల్ట్‌ప్యాకులు చాలావరకు రెండు వైపులా మాట్లాడేవి. మనం నోరు మెదపకపోయినా అవి కేంద్రంతో సంకేతాలు ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటాయి. "వింటుంది అంతే" అన్నది వాటి విషయంలో మొదటికే నిజం కాదు.

మొదటి తరగతి గని అంటే

"మన గనుల్లో గ్యాస్ తక్కువ కదా" అని కొందరు అంటారు. సింగరేణి భూగర్భగనులు ఎక్కువగా మొదటి తరగతివే. మన నిబంధనల ప్రకారం బొగ్గుపొరలను వాయువును బట్టి మూడు తరగతులుగా విభజిస్తారు. గాలిలో మీథేన్ 0.1 శాతానికి మించకుండా, టన్ను బొగ్గుకు ఒక ఘనమీటరుకు మించి వాయువు రాకుండా ఉంటే అది మొదటి తరగతి. పది ఘనమీటర్లకు పైన వస్తే మూడో తరగతి. రెంటికీ మధ్యది రెండో తరగతి.

ఈ లెక్క గాలి సక్రమంగా ఆడుతున్న గనికి సంబంధించినది. ఫ్యాను ఆగితే, గాలి చేరని పాత చాళ్ళలో, పైకప్పు గూళ్ళలో తేలికైన మీథేన్ చేరి నిలుస్తుంది. తరగతి అంటే వాయువు లేదన్న హామీ కాదు. అందుకే 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలు గాని, వాటి స్థానంలో వచ్చిన 2017 నిబంధనలు గాని ఏ తరగతి గనిలోనూ జేబులో అగ్గిపెట్టెను ఒప్పవు. బాయి దిగేముందు బీడీ, అగ్గిపెట్టె కోసం తనిఖీ జరుగుతుంది. ఆమోదం లేని ఫోనుకూ, కెమెరా దీపానికీ, రిసీవర్‌కూ అదే నియమం. చిత్రీకరణకు వచ్చినవారు దీన్ని తమమీద అనుమానంగా భావించనక్కరలేదు. రోజూ దిగే సర్దారుకూ, మేనేజరుకూ తప్పని తనిఖీయే అది.

భూగర్భంలో మామూలు రిసీవర్ వల్ల ప్రయోజనం కూడా లేదు. దాని తరంగాలను బొగ్గూ రాయీ కొద్ది దూరంలోనే మింగేస్తాయి. ఒక మలుపు తిరిగితే మాట ఆగిపోతుంది. గనుల్లో నిస్తంత్రీ సంభాషణ కావాలంటే దారి పొడుగునా ప్రత్యేకమైన కేబుల్ పరిచి, దాని గుండా తరంగాలు కొద్దికొద్దిగా బయటికి వచ్చేలా చేస్తారు. అటువంటి ఏర్పాటుకు పనికివచ్చే ఆమోదిత పరికరాలు వేరు.

లాంప్‌రూమ్ క్రమశిక్షణ

పెట్టె సురక్షితంగా ఉండటానికి దాని నిర్మాణం ఒక్కటే చాలదు. దానిని ఎవరు ఇచ్చారు, ఎవరు తీసుకున్నారు, ఎవరు తిరిగి అప్పగించారు అన్న లెక్క ఉండాలి. గనుల్లో ఆ లెక్క లాంప్‌రూమ్‌ది. ప్రతి దీపానికీ ఒక నంబరుంటుంది. షిఫ్టుకు ముందు కార్మికుడు తన నంబరు దీపం తీసుకుంటాడు, పైకి వచ్చాక అప్పగిస్తాడు. రాత్రంతా ఛార్జింగు, మూత బిగింపు, తీగ పరీక్ష అన్నీ అక్కడే. షిఫ్టు ముగిశాక ఒక దీపపు స్థానం ఖాళీగా ఉందంటే ఒక మనిషి ఇంకా కిందనే ఉన్నాడని అర్థం. ప్రమాదం జరిగినప్పుడు లోపల ఎందరున్నారో మొదట చెప్పగలిగేది ఈ ఖాళీలే.

ప్రసారబృందాలు ఈ పద్ధతిని అరువు తెచ్చుకోవడం మంచిదని నా అభిప్రాయం. అట్టపెట్టెలో కలగాపులగంగా పడి ఉన్న రిసీవర్లలో చేతికి దొరికింది తీసి, నిన్నటి సెల్స్‌లో రెండు, ఇవాళ్టివి రెండు వేసి పరుగెత్తడం తరచుగా చూస్తుంటాం. కొత్త సెల్, పాత సెల్ కలిపితే పాతది ముందుగా ఖాళీ అయి, కొత్తది దానిలోకి విద్యుత్తును ఎదురు నెడుతుంది. అది వేడెక్కుతుంది, కారుతుంది. విడి సెల్స్‌ను తాళంచెవులతో పాటు జేబులో వేసుకుంటే రెండు కొసలూ కలిసి జేబులోనే కాలే అవకాశం ఉంది. ఉబ్బిన లిథియం బ్యాటరీని "ఈ ఒక్క ప్రసారానికి" అని వాడటం కూడదు. నంబరు, రిజిస్టరు, ఛార్జింగుకు ఒక చోటు, ఒక బాధ్యుడు: గనివారు వందేళ్ళుగా చేస్తున్నది ఇంతే.

చెవి ఎవరిది

ఇక అన్నిటికంటె ముఖ్యమనుకున్న విషయానికి వస్తాను. గనిలో మనిషి ప్రాణాన్ని కాపాడేది కంటికంటె చెవే.

పని మొదలుపెట్టే ముందు సర్దారు ఒక కర్రతోనో ఇనుపకడ్డీతోనో పైకప్పును తడతాడు. గట్టిగా ఉన్న రాయి ఖణేలుమంటుంది. పొర విడిచిన రాయి డొల్లగా, డప్పులా మోగుతుంది. పైకప్పు బరువు మీద పడుతున్నప్పుడు కట్టెదిమ్మెలు చిటపటలాడతాయి. సన్నని పెళ్ళలు రాలిన చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు విని వెనక్కి పరుగెత్తి బతికినవాళ్ళ కథలు బొగ్గుబెల్టులో ఏ ఇంటికి పోయినా వినవచ్చు. వినడానికి సమయం చిక్కనివాళ్ళూ ఉన్నారు. 2021 నవంబరు 10న శ్రీరాంపూర్‌లోని ఎస్ఆర్‌పి-3 గనిలో పైకప్పు కూలి నలుగురు కార్మికులు మరణించారు. 2022 మార్చి 7న రామగుండం ప్రాంతంలోని అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు పోయారు. వారిలో భద్రత చూసే అధికారి కూడా ఉన్నారు. యంత్రాలూ కొలత పరికరాలూ ఎన్ని వచ్చినా పైకప్పు ఇప్పటికీ భూగర్భ కార్మికుడికి మొదటి శత్రువు.

ఇటువంటి చోట చెవిని బుడిపెతో మూసి, అందులో స్టూడియో మాటలు పోయడమంటే ఆ మనిషి రక్షణ సాధనాన్ని లాక్కోవడమే. అందుచేత రవ్వ భయం ఏమాత్రం లేని ఆమోదిత పరికరమైనా సరే, రెండు చెవులూ మూసేది పనికిరాదు.

నేలమీది ఓపెన్‌కాస్ట్ గనుల్లో కూడా ఈ సంగతి అంతే నిజం. బ్లాస్టింగుకు ముందు సైరన్ మోగుతుంది. 2017 నిబంధనల ప్రకారం పేల్చే చోటు నుంచి 500 మీటర్ల మేర ప్రమాద ప్రాంతం. వెనక్కి నడిచే డంపరు హెచ్చరికగా కూత వేస్తుంది. చెవిలో స్టూడియో సంభాషణ నడుస్తుంటే ఈ రెండూ వినబడవు. పైగా బ్లాస్టింగుకు విద్యుత్ డెటొనేటర్లు వాడేచోట వాటి తీగలు యాంటెనాలా పనిచేసి దగ్గరలోని రేడియో శక్తిని పట్టగలవు. ఇక్కడ ఆందోళన రిసీవర్ గురించి కాదు. దానికి మాట పంపే ట్రాన్స్‌మిటరు, చేతిలోని వాకీటాకీ, సెల్‌ఫోను, ప్రసార వ్యాను గురించి. బ్లాస్టింగు అధికారిని అడగకుండా ఏ ప్రసారిణినీ అక్కడ వెలిగించకూడదు.

శబ్దపు మోతాదు ఇంకొక సమస్య. 85 డెసిబెళ్ళను హెచ్చరిక స్థాయిగా, 90 డెసిబెళ్ళను ప్రమాద స్థాయిగా డిజిఎంఎస్ 1975లోనే తన సర్క్యులర్‌లో పేర్కొంది. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచన ప్రకారం 85 డెసిబెళ్ళ శబ్దంలో ఎనిమిది గంటలు ఉండవచ్చు. ప్రతి మూడు డెసిబెళ్ళకూ ఆ సమయం సగమవుతుంది: 88కి నాలుగు గంటలు, 91కి రెండు గంటలు, 100కు పావుగంట. డంపర్ల మోత మధ్య నిలబడిన విలేకరి స్టూడియో మాట వినబడక రిసీవర్ శబ్దాన్ని పెంచుతూ పోతాడు. బయటి మోత ఆగినా పెంచిన శబ్దం అలాగే ఉంటుంది. ఆనాటికి నొప్పి తెలియదు. కొన్నేళ్ళకు చెవిలో హోరు మొదలవుతుంది. పోయిన వినికిడి తిరిగి రాదు.

చెవిలో పడిన మాట

వినబడటమే కాదు, ఏం వినబడిందన్నది కూడా భద్రతలో భాగమే. 2006 జనవరి 2న పశ్చిమ వర్జీనియాలోని సేగో గనిలో పేలుడు జరిగి 13 మంది లోపల చిక్కుకున్నారు. మర్నాటి రాత్రి రక్షకులు వారిని చేరుకున్నారు. రక్షకుల ముఖాలకు శ్వాస పరికరాల తొడుగులున్నాయి. వారి మాట రేడియోలో ఒకరి నుంచి ఒకరికి అంచెలంచెలుగా పైకి చేరవలసి ఉంది. ఆ అంచెల్లో ఎక్కడో అర్థం తారుమారైంది. పన్నెండుమంది సజీవంగా ఉన్నారని పైనున్నవారు విన్నారు. అది క్షణాల్లో సెల్‌ఫోన్ల గుండా చర్చిలో ఎదురుచూస్తున్న కుటుంబాలకు పాకింది. గంటలు మోగాయి, కీర్తనలు పాడారు. చానళ్ళు చెప్పాయి, మర్నాటి పత్రికలు అచ్చు వేశాయి. దాదాపు మూడు గంటల తరువాత నిజం తెలిసింది: పన్నెండుమంది చనిపోయారు, బతికింది ఒక్కడే.

ఆ కుటుంబాలు అదే రాత్రి తమవారిని రెండుసార్లు పోగొట్టుకున్నాయి. ఆ ఏడాదే అమెరికా చేసిన కొత్త గని చట్టం, ప్రమాదానంతరం కూడా పనిచేసే నిస్తంత్రీ సంభాషణ ఏర్పాట్లు భూగర్భ బొగ్గుగనుల్లో మూడేళ్ళలోగా ఉండాలని ఆదేశించింది. ప్రసారరంగం వారికి ఇందులో ఇంకొక పాఠం ఉంది. ప్రమాద స్థలంలో విలేకరి చెవిలో పడే మాట నేరుగా వేలమంది ఇళ్ళలోకి పోతుంది. మందమర్రిలోనో గోదావరిఖనిలోనో బాయి ముందు నిలబడిన ఆడవాళ్ళలో ఒకరి చేతి ఫోనులో అదే చానల్ నడుస్తూ ఉంటుంది. గరగరల మధ్య సగం వినబడిన అంకెను తిరిగి అడిగి నిర్ధారించుకోకుండా పలకడం ఎంత పాపమో సేగో చెప్పింది.

నేలమీద పాటించవలసినవి

ఈ చరిత్ర నుంచి నేను గ్రహించిన జాగ్రత్తలను ఒకచోట చేర్చుతున్నాను.

ముందుగా ట్రాన్స్‌మిటరును వెలిగించి, రిసీవర్ శబ్దాన్ని పూర్తిగా తగ్గించి, ఆ తరువాత రిసీవర్‌ను వెలిగించాలి. బుడిపె చెవిలో పెట్టుకున్నాక శబ్దాన్ని మెల్లగా పెంచుకోవాలి. ఆపేటప్పుడు ఇదే క్రమాన్ని తిరగేయాలి. సంకేతం లేనప్పుడు రిసీవర్ మూగగా ఉండేలా స్క్వెల్చ్ సరిచేసి ఉంచాలి. లేకపోతే సంకేతం తెగిన క్షణంలో భయంకరమైన రొద చెవిలో పేలుతుంది. శబ్దం మించకుండా ఆపే లిమిటర్ ఉన్న పరికరాన్నే ఎంచుకోవాలి.

ఒక చెవికే బుడిపె. ఆ చెవి కొలతకు పోసిన బుడిపె అయితే బయటి మోతను కొంత ఆపుతుంది కాబట్టి తక్కువ శబ్దంతోనే మాట అర్థమవుతుంది. రెండో చెవి పరిసరాలది. కెమెరా వైపు చూస్తూ మాట్లాడేవారి వెనుక నుంచి వచ్చే బండినీ, జనాన్నీ గమనించడానికి బృందంలో ఒకరిని ప్రత్యేకంగా నిలబెట్టాలి. ఆయన చెవిలో ఏమీ ఉండకూడదు.

పెట్టెను వెన్నెముక మీదికి కాకుండా తుంటి పక్కకు తగిలించాలి. వెల్లకిలా జారిపడితే నడుము మధ్యనున్న గట్టిపెట్టె నేరుగా వెన్నుకు తగులుతుంది. తీగను చొక్కా లోపలి నుంచి తీయాలి, మెడచుట్టూ చుట్టకూడదు. కన్వేయరు బెల్టు, తిరిగే రోలరు ఉన్నచోట వేలాడే తీగ ఏదైనా మనిషిని లోపలికి లాగుతుంది. అక్కడ రిసీవర్ తీసివేయడమే మంచిది. చెమట పట్టే ఎండల్లో చిన్న సంచిలో పెట్టుకుంటే తడి లోపలికి పోదు. వేడెక్కుతున్న పెట్టెను ఒంటిమీద ఉంచుకుని ప్రసారం ముగిసేదాకా ఓర్చుకోవడం ధైర్యం అనిపించుకోదు.

తరంగాల సంగతి. వాడే పౌనఃపున్యానికి దూరసంచార శాఖలోని డబ్ల్యుపిసి విభాగపు అనుమతి ఉన్నదో, అనుమతి అవసరం లేని పట్టీలో ఉన్నదో ముందుగా చూసుకోవాలి. గనుల దగ్గర ఇది కాగితాల లాంఛనం మాత్రమే కాదు. మన ప్రసారం వారి వాకీటాకీలకు అడ్డుపడితే షావెల్ మనిషికీ డంపరు మనిషికీ మధ్య మాట తెగిపోవచ్చు. పనిలో దిగేముందు ఎవరు ఏ తరంగం మీద ఉన్నారో మాట్లాడుకోవడానికి పది నిమిషాలు చాలు.

ఇక బాయిలోకి దిగవలసి వస్తే రిసీవర్, ట్రాన్స్‌మిటరు, ఫోను అన్నీ పైన అప్పగించాలి. మేనేజరు అనుమతి ఉన్న పరికరంతో, వారు ఇచ్చిన దీపం నడుముకు కట్టుకుని, వారి మనిషి వెంట నడవాలి. స్టూడియో మాట ఆ కాసేపు వినబడదు. వినబడనక్కరలేదు. ఆ కాసేపు చెవిని పైకప్పు చప్పుడుకు వదిలిపెట్టాలి.

నా మిత్రుడికి నేనిచ్చిన జవాబు ఇదే. ఆయన రిసీవర్ మీద ఒక నంబరు అంటించి, బృందానికొక రిజిస్టరు మొదలుపెట్టానని ఈమధ్య చెప్పాడు. గనివాళ్ళ లాంప్‌రూమ్ నుంచి నేర్చుకున్నదాన్ని టీవీవాళ్ళు పాటించడం నాకు సంతోషంగా ఉంది.